తెరుచుకోని పసుపు గది

తలుపుకి లోపలివైపు పసుపు చేతిముద్రలు ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ శ్యామల లెక్కపెట్టింది. పదకొండు.

2008 మార్చి 14, శుక్రవారం. మధ్యాహ్నం 12:40. ఆర్మూర్ హైవే పక్కన ఒక ప్రైవేటు పసుపు గోదాము. బస్తాలకు పురుగు పట్టకుండా విషపు గ్యాస్ పెట్టే గది అది. గడప దగ్గర హమాలీ భూమేశ్వర్ శవం బోర్లా పడి ఉంది.

చిరిగిన బస్తా కుట్టడానికి అతను బస్తాల వరస వెనక్కి వెళ్ళాడు. లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకు తెలియదు. 10:05కి గ్యాస్ మొదలైంది. తలుపు దానంతటదే లాక్ అయింది. సద్ది తినేవేళకు కనబడకపోయేసరికి తోటివాళ్ళు వెదికారు. 11:50కి బయటి తాళంచెవితో తెరిచారు.

లోపల గోడకు ఒక ఎర్ర బటన్ ఉంది. ఎవరైనా లోపల ఇరుక్కుంటే దాన్ని ఒత్తాలి. గ్యాస్ ఆగి తలుపు తెరుచుకోవాలి.

బటన్ మీద కూడా పసుపు ఉంది. మందంగా.

భూమేశ్వర్ ఒత్తాడు. తలుపు తెరుచుకోలేదు.

2:15. పోలీస్ స్టేషన్. గ్యాస్‌నీ తలుపునీ నడిపే కంప్యూటర్ మెషీన్ అమర్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని గంగాకిషన్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎప్పుడు పెట్టినవ్ మెషీన్?"

"ఫిబ్రవరి 20న మేడం."

"టెస్ట్ చేసినవా?"

"గదే దినం మూడింటికి. నేనే లోపల నిలవడ్డ. బటన్ ఒత్తంగనే తలుపు తెర్సుకున్నది. గిదో రిపోర్ట్."

నాలుగు పేజీలు. ప్రతి పేజీ కింద అతని సంతకం. అన్నిటిమీదా 'పాస్'.

"మరి ఇయ్యాల ఎందుకు తెర్సుకోలే?"

గంగాకిషన్ గొంతు తగ్గించాడు. "ప్రోగ్రాం రాసింది కరుణశ్రీ. పోయిన వారమే నౌకరి ఇడిచిపెట్టింది. కోపంల ఏమన్న మార్చిందేమో. పాస్‌వర్డ్ ఆమె దగ్గరనే ఉన్నది."

3:30కి కరుణశ్రీని తీసుకొచ్చారు. ఇరవయ్యారేళ్ళు. కిటికీ లేని గది. పైన ఫ్యాన్ తిరుగుతోంది గాని గాలి రావడం లేదు.

"ప్రోగ్రాం నీదేనా?"

"నాదే."

"పాస్‌వర్డ్?"

"నాకొక్కదానికే తెలుసు."

"నౌకరి ఎందుకు ఇడిచినవ్?"

"సార్‌తోని లొల్లి అయింది. టెస్టింగ్‌కు టైం ఇయ్యడు."

ఏ జవాబు చెప్పినా అది తిరిగి ఆమె మెడకే చుట్టుకుంటోంది. ఆ సంగతి ఆమెకూ అర్థమైంది. చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

"మేడం, మా అమ్మకు ఫోన్ చేసుకోవచ్చా?"

"చేసుకుందువు. ముందుగాల టెస్ట్ ఎట్ల చేస్తరో చెప్పు."

"గోదాములల్ల మెషీన్లు ఒక్కో తీరుగ ఉంటయి. మెషీన్‌ను నడిపే లినక్స్ ఒకదాంట్ల పాతది, ఇంకోదాంట్ల కొత్తది. అన్నీ కొనలేం. అందుకే ఆఫీసుల ఒక్క కంప్యూటర్లనే నాలుగు కంటైనర్లు పెట్టిన."

"కంటైనర్ అంటే? లారీల మీద పోయేటియా?"

"కాదు మేడం. ఒక్క ఇంట్ల నాలుగు వాటాలు అనుకోండ్రి. ఒక్కో వాటాల ఒక్కో తీరు సంసారం. ఒకలకు ఒకలు కనవడరు. ప్రోగ్రామును నాలుగిట్లనూ తయారు చేసి, నాలుగిట్లనూ నడిపి చూస్త."

"అంటే నాలుగు కంప్యూటర్లతోని సమానం?"

"పూర్తిగ కాదు. వాటాలు నాలుగైనా బోరు ఒక్కటే. కంప్యూటర్ల ఆ బోరును కెర్నల్ అంటరు. వాటా ఎంత పాతదైనా నీళ్ళు ఆ బోరువే."

శ్యామల రాసుకుంటున్న పెన్ను ఆపింది. రిపోర్ట్ మళ్ళీ తీసింది. మూడో పేజీలో, 'పాస్' కంటే చాలా పైన, చీమల బారులాంటి అక్షరాలు.

"గీ లైన్ ఏంది?"

కరుణశ్రీ వంగి చూసింది. వేలు పెట్టి మళ్ళీ చదివింది.

5:20. గోదాము. గ్యాస్ పూర్తిగా పోయింది. గది ముందు గంగాకిషన్, కరుణశ్రీ, ఇద్దరు కానిస్టేబుళ్ళు. బయట బస్తాల మీద భూమేశ్వర్ భార్య లసుమవ్వ కూర్చుని ఉంది. ఎంత చెప్పినా ఇంటికి పోలేదు.

"గంగాకిషన్, లోపలికి పో," అంది శ్యామల.

"ఎందుకు మేడం?"

"గ్యాస్ పెట్టం. ఒట్టిగ తలుపు మూస్తం. నువ్వు బటన్ ఒత్తు. మొన్న ఒత్తినవ్ గద?"

గంగాకిషన్ కదలలేదు.

"భయమెందుకు? కరుణశ్రీ మార్చిందంటివి. ఇప్పుడే సరిచూసినం. నీ రిపోర్టులున్న ప్రోగ్రాం, గీ మెషీన్ల ఉన్న ప్రోగ్రాం అక్షరం తేడా లేదు. ఆమె ఏం మార్చలే. గప్పుడు తెర్సుకున్నదైతే ఇప్పుడూ తెర్సుకోవాలె. పో."

అతను గది చీకట్లోకి ఒకసారి చూశాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"నీకు తెలుసు, తెర్సుకోదని."

శ్యామల మూడో పేజీ ఎత్తి పట్టింది. "అందరూ 'పాస్' చూసిన్రు. పైన లైన్ ఎవ్వలు చూడలే. టెస్ట్ ఏ కెర్నల్ మీద నడిచిందో కంప్యూటరే రాసుకున్నది. 2.6.18. తలుపు మెషీన్ల చూస్తే 2.6.9, పాతది. బోరు వేరే. గీ టెస్ట్ గీ తలుపు కాడ నడవనేలేదు. మీ ఆఫీసుల, కంటైనర్ల నడిచింది. ఆ కాయితం మీద సంతకం పెట్టి తెచ్చి ఇచ్చినవ్."

"తేడా అయితే ఏమైతది?" అడిగాడొక కానిస్టేబుల్.

కరుణశ్రీ జవాబు చెప్పింది. "బటన్ ఒత్తిన సంగతి చెప్పుమని ప్రోగ్రాం కెర్నల్‌ను అడుగుతది. కొత్తదానికి ఆ మాట తెలుసు. పాతదానికి తెల్వదు. అందుకే బటన్ ఒత్తినా ప్రోగ్రామ్‌కు తెల్వనే తెల్వదు. తలుపు కాడ ఒక్కసారి చూడాలని మెయిల్ రాసిన. రిపోర్టుల గూడ గదే రాస్తే సార్ ఆ మాట తీసేసి ప్రింట్ చేసిండు."

గంగాకిషన్ నేలమీద కూలబడ్డాడు. "సీజన్ నెత్తిమీదికొచ్చె... గోదామోళ్ళు ఆగలే... లోపలికి ఎవడన్న పోతడా అనుకున్న మేడం..."

కానిస్టేబుళ్ళు అతన్ని లేపి జీపు వైపు నడిపించారు.

"నువ్వు ఇంటికి పోవచ్చు," అంది శ్యామల.

కరుణశ్రీ పోలేదు. తలుపు మీది ముద్రలను చూస్తూ నిలబడిపోయింది.

వెనక నుంచి లసుమవ్వ వచ్చింది.

"బిడ్డా, గా బటన్ మా ఆయిన ఒత్తిండా?"

"ఒత్తిండవ్వా."

"మరి ఎందుకు తెర్సుకోలే?"

కెర్నల్, కంటైనర్, మెయిల్. అన్ని మాటలూ కరుణశ్రీ నోటిదాకా వచ్చాయి.

"నేను వచ్చి సూడలే అవ్వా," అంది.

లసుమవ్వ గడప దాకా నడిచింది. కొంగు తడిపి, తలుపు మీది ముద్రల్ని ఒక్కొక్కటే తుడవడానికి చెయ్యెత్తింది.

శ్యామల ఆమె చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపింది. "తుడవకవ్వా. రేపు కోర్టుకు అవి కావాలె."