మొదటి పిడికెడు మట్టి

ఆ మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆరోగ్యమ్మ తన చావుకు కావలసిన ఏర్పాట్లన్నీ కాగితం మీద రాయడానికి కూర్చుంది. పేరేమో ఆరోగ్యమ్మ, రాస్తున్నదేమో తన సమాధి సంగతి అని కోడలు తెరేజ లోలోపల నవ్వుకుంది గానీ, అత్తను ఆపలేదు. ఆపితే ఆగే మనిషి కాదు.

ప్రొద్దుటూరు విచారణలో, అంటే ఆ చర్చి కిందికొచ్చే కుటుంబాల్లో, ఎవరింట్లో చావు జరిగినా ముప్పై ఏళ్లుగా ముందు కబురు వచ్చేది ఆమెకే. శవం పక్కన కూర్చుని జపమాల చెప్పించేది, చల్లబడిన చేతుల్లో సిలువ పెట్టేది ఆమే. చావింట్లో ఏమేం తప్పులు జరుగుతాయో ఆమెకు తెలిసినంతగా ఫాదరుకు కూడా తెలియదు. తన విషయంలో అవేవీ జరగకూడదని డెబ్బై నాలుగో ఏట నిశ్చయించుకుంది. ఒంట్లో రోగమేమీ లేదు. వచ్చే ఆదివారం సమాధుల పండుగ, ఏటా ఆ పండుగ ముందు పోయిన భర్త ఇన్నయ్య ఆమెకు మరీ గుర్తొస్తాడు.

తెల్ల చీర బీరువా పై అరలో ఉందని రాసింది. బ్యాండు వద్దు, పెట్టె మీద ప్లాస్టిక్ పూలు వద్దు. ఫాదరు ప్రసంగం పది నిమిషాలు దాటకూడదు. వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి, టీ కాదు. సొంతూరు జమ్మలమడుగులో ఇన్నయ్య సమాధి పక్కనే తనను పెట్టాలి. అక్కడిదాకా చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, అక్షరాలు కొంచెం పెద్దవిగా రాసింది: ‘మొదటి పిడికెడు మట్టి లూర్దు వేయాలి.’

లూర్దు ఆమె కూతురు. పన్నెండేళ్ల కిందట పులివెందుల శివను పెళ్లి చేసుకుంది, గుడిలో కాదు, రిజిస్ట్రారాఫీసులో. ఆ ఏడాదే ఇన్నయ్య గుండె ఆగింది. కొడుకు బాలశౌరి ఆ రెంటికీ ముడిపెట్టుకున్నాడు. పెట్టెను గుంతలోకి దించాక ఇంటివాళ్లు ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేయడం వాళ్ల ఆనవాయితీ. ఆరోజు లూర్దును సమాధుల తోట గేటు దాటి రానివ్వలేదు అన్న. ఆ పిల్ల ఊచలు పట్టుకుని బయటే నిలబడి అంతా చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. తల్లి నోరు తెరవలేదు. అప్పుడు తెరవని నోరు పన్నెండేళ్లుగా ఆరోగ్యమ్మను లోపల తినేస్తోంది.

కాగితాన్ని ఏసు తిరుహృదయం పటం కింద పెట్టింది. మధ్యాహ్నం భోజనానికొచ్చిన బాలశౌరి దాన్ని తీసి చదివి, ప్రసంగం సంగతి దగ్గర నవ్వాడు కూడా. చివరి వరుసకొచ్చేసరికి ముఖం మాడిపోయింది.

“ఈ ఒక్కటి కొట్టేయ్ మా.”

“కొట్టేసేకి రాయలేదు నాయనా.”

“నాయన్ను పొట్టన పెట్టుకుండేది ఆయమ్మి. నేను బతికుండంగా అది జరగదు.”

“మీ నాయన్ను పొట్టన పెట్టుకుండేది బీడీలు. నీకు తెలీదా ఏంది? నువ్వు బతికుండంగా జరగల్లనే గదా రాసింది. ఆ పొద్దు నీ కాళ్లు పట్టుకునేకి నేనుండను.”

బాలశౌరి సగం తిన్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. కరెంటాఫీసులో పనుందని బండెక్కి వెళ్లిపోయాడు. తెరేజ ఆ కంచం తీస్తూ, ఆయన మనసు చెడ్డది కాదత్తా అంది. చెడ్డదని ఆరోగ్యమ్మ మాత్రం ఎప్పుడన్నది?

సాయంత్రం ఆమె గుడికి నడిచింది. కొడుకు వినకపోతే దేవుడైనా వింటాడు కదా అనుకుంది. మంచి మరణం కోసం ముందుగానే వేడుకోవడం వాళ్లలో ఉన్నదే. గురువారం పూజ తన పేరు మీద మంచి మరణం కోసం పెట్టమని, ఫాదరుకు సాయంగా గుడి పనులు చూసే ఉపదేశికి చెప్పింది. ఆయన ఒక చెవితో ఫోను వింటూ, రెండో చెవితో ఆమె మాట విని రాసుకున్నాడు. మంచి మరణమంటే ఆరోగ్యమ్మకు వేరే అర్థమేమీ లేదు. కూతురు పక్కన ఉండే మరణం, అంతే.

గురువారం బాలశౌరికి సెలవు. పొద్దున తొమ్మిదిన్నరకు వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు. ఆరోగ్యమ్మ ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి దిగిన ఆడమనిషి జుట్టు దువ్వుకోలేదు. మెడ దగ్గర నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. నా బిడ్డకు అప్పుడే తల నెరిసిందా అనుకున్నాక గానీ, వచ్చింది ఎవరో ఆరోగ్యమ్మకు పూర్తిగా తెలిసిరాలేదు.

లూర్దు గేటు దాకా వచ్చి ఆగిపోయింది. గడియ వైపు చెయ్యి పోలేదు. రెండు చేతులతో ఊచలు పట్టుకుంది.

“అన్నా, నేను లోపలికి రానులే. దూరం నుంచే సూసి పోతా. అమ్మను ఈ గేటు కాడికి తెచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆపు.”

బాలశౌరికి ఏమీ అర్థం కాలేదు. అమ్మకేమైందని అడిగాడు. లూర్దు ఏడుస్తూ ఊచల మధ్య నుంచి ఫోను చాపింది. విచారణ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున పెట్టిన వరుస అందులో ఉంది: ‘సాయంత్రం ఆరు గంటల పూజ, మరణించిన ఆరోగ్యమ్మ ఆత్మశాంతి కొరకు.’

అతను ఆ గ్రూపు తెరిచి నెలలైంది. చదివి, తల ఎత్తి చెల్లెలిని చూశాడు.

“ఇన్నేండ్లూ ఈ గ్రూపులోనే ఉండావా?”

“ఎవురూ తీసెయ్యలేదు. యాడన్నా అమ్మ పేరు వస్తాదేమోనని రోజూ సూస్తాంటి. ఈపొద్దు వచ్చింది.”

కిటికీ వెనక ఆరోగ్యమ్మ ఒళ్లోని చేట జారి కాయలన్నీ గచ్చు మీద పడ్డాయి. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని లేచింది. బాలశౌరి ఆ ఊచల మీది చేతులనే చూస్తున్నాడు. జమ్మలమడుగు గేటు మీద కూడా ఆ చేతులు అట్లాగే ఉన్నాయని అతనికి గుర్తొచ్చి ఉంటుంది. తుడుపు గుడ్డ కింద పారేసి గడియ తీశాడు.

“అమ్మ బాగుంది. లోపలికి రా లూర్దూ.”

ఆరోగ్యమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చీరంతా వేరుశనగ పొట్టు. లూర్దు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకోలేదు. తల్లి భుజం మీద పిడికిళ్లతో కొట్టింది, రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తెరేజ మంచినీళ్లు తెచ్చి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

కాస్త తెప్పరిల్లాక, ఏం జరిగిందో తల్లి చెప్పింది. కాగితం కూడా చూపించింది. తన పేరున్న వరుసను చూస్తే బిడ్డ సంతోషిస్తుందనుకుంది. లూర్దు దాన్ని చదివి మడిచి తిరిగి ఇచ్చేసింది.

“నేను వెయ్యను మా. బతికుండే అమ్మ కాడికి పన్నెండేండ్లు రానీకుండా, సచ్చినాక మట్టికి పిలుస్తావా?”

ఆ మాట బాలశౌరికి తగలలేదు, నేరుగా ఆరోగ్యమ్మకే తగిలింది. కళ్లు మూతపడ్డాక కూతుర్ని పిలిపించుకోవడానికి ఇంత ఏర్పాటు చేసుకుంది. కళ్లు తెరిచి ఉన్నన్నాళ్లూ ఒక్కసారి పులివెందుల బస్సెక్కలేదు. కొడుకు వద్దన్నది నిజమే, బస్సుకు మాత్రం ఎవరూ అడ్డం పడలేదు. ఒక్క పిల్లను దక్కించుకోవడానికి ఇంకో పిల్లను వదిలేసి, దాన్ని ఓర్పనుకుంది.

“తప్పు నాది పాపా. వీడు కూడా పోతాడేమోనని భయపడితి” అని కూతురి చేతులు పట్టుకుంది. పెద్దావిడ అట్లా ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. బాలశౌరి గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పూజ కృతజ్ఞతా పూజగా మారింది. సిగ్గుతో ఉపదేశి తల ఎత్తలేదు. ఆరోగ్యమ్మ మాత్రం ఆయనకు రెండు చేతులా దండం పెట్టింది.

ఆదివారం అందరూ అద్దె కారులో జమ్మలమడుగు వెళ్లారు. శివ పులివెందుల నుంచి చామంతులు తెచ్చాడు. బాలశౌరి ఎదురెళ్లి ఆ బుట్ట అందుకున్నాడు. లూర్దు గేటు దగ్గర అలవాటుగా ఒక్క క్షణం ఆగింది, తెరేజ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. సున్నం కొట్టిన సమాధి మీద ఫాదరు పవిత్ర జలం చల్లి పక్క సమాధికి వెళ్లాక, బాలశౌరి వంగి పిడికెడు మట్టి తీశాడు. చెల్లెలి అరచేతిలో పోసి వేళ్లు తనే మూశాడు.

“ఎయ్ మా. నాయన కాచుకోనుండాడు.”

లూర్దు వేసింది. వేసిన చెయ్యి దులుపుకోకుండా చాలాసేపు అట్లాగే పట్టుకుంది.

ఆరోగ్యమ్మ సమాధి రాయి మీద చెయ్యి పెట్టి, నేను అడిగితే నీకు దక్కింది, ఎప్పుడూ నీదే అదృష్టం అని భర్తతో మెల్లిగా అంది.

తిరిగి కారెక్కబోతూ బాలశౌరి ఆ కాగితం సంగతి ఎత్తాడు. చివరి వరుస ఇక కొట్టేయనా అని అడిగాడు. ఆరోగ్యమ్మ సంచిలోంచి కాగితం తీసి కొడుకు చేతికిచ్చింది.

“కొట్టేయొద్దు. నా మట్టి నాకుండల్ల. తొందరేం లేదని మాత్రం పక్కన రాయి.”

బాలశౌరి కారు బానెట్ మీద కాగితం పరిచి, చెల్లెలి పేరు పక్కన ఆ రెండు మాటలూ తన చేత్తోనే రాశాడు.