మైనంలో దాచిన ముక్క

"తీసీసిన గడ్డని ఇంకా ఎందుకు దాసినారమ్మా? ఏటైనా మిగిలిపోనాదా?"

ఆసుపత్రి వరండాలో ఈశ్వరి అలా అడిగేసరికి కౌముది తడబడింది. ఊపిరితిత్తుల్లో అరుదుగా వచ్చే ఒక రకం కణితుల మీద ఆ అమ్మాయి పరిశోధన చేస్తోంది. నిరుడు ఈశ్వరికి ఆపరేషన్ చేసి తీసింది అలాంటి కణితే. దాని ముక్కను మైనంలో భద్రపరిచారు. దాన్ని పరీక్షించుకోవడానికి అనుమతి అడగాలని వచ్చింది.

"ఏమీ మిగల్లేదండీ. ఒంటిని కాపాడే రక్షక కణాలుంటాయి కదా, అవి ఆ కణితి లోపలికి వెళ్లాయా లేదా అని చూస్తాను. అంతే."

పక్కనున్న కొడుకు దేవేంద్రకు ఒళ్లు మండింది. "మేడమ్, మా యమ్మ తుమ్మొస్తేనే అంబులెన్సు పిలవమంటాది. మళ్లీ ఆ పేరెత్తకండి."

"పేరెత్తకపోతే భయం పోతుందా?"

"మీకేటి, సెప్పీసి ఎల్లిపోతారు. ఇంటికాడ పడాల్సింది నాను."

"అయితే నా నంబరు తీసుకోండి. ఆవిడకి భయం వేసినప్పుడు ఫోన్ చెయ్యండి."

ఈశ్వరి ఒప్పుకుంది. "నువ్వేటి సూసినా నాకు దాయకుండా సెప్పాల," అని మాట తీసుకుంది.

భయపడింది ఈశ్వరి. ఫోన్లు చేసింది మాత్రం దేవేంద్ర.

వానలు పడ్డాయి. వాళ్ల ఊరు నౌపడలో ఉప్పుమడుల్లో నీళ్లు నిలిచాయి. దేవేంద్ర సెల్ రిపేరు కొట్టు మూసి ఇంటికొచ్చినా, ఫోను చెవిన పెట్టుకుని చూరు కింద సగం తడుస్తూ నిలబడేవాడు. ఓ సాయంత్రం అతని మాటలు వంటగదిలోకి వినిపించాయి.

"అమ్మకెలా సెప్పాలో తెలీడం లేదు. తట్టుకోలేదేమో. అలాగనీసి ఎన్నాళ్లు దాస్తాం?"

ఈశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. మళ్లీ వచ్చిందన్నమాట! ఆ పిల్ల చూసింది, వీడికి చెప్పింది.

మర్నాటి నుంచి కొడుక్కి వంట నేర్పడం మొదలుపెట్టింది.

"ఒరే, సేపల పులుసులో సింతపండు ఎప్పుడెయ్యాలో సూసుకో. నాను లేకపోతే తిండికి వొకరి గుమ్మం ఎక్కకూడదు నువ్వు."

"సేపలొద్దమ్మా. పప్పుచారు నేర్పు," అన్నాడు దేవేంద్ర నేల చూపులు చూస్తూ.

చేపలంటే ప్రాణం పెట్టేవాడు! దిగులుతో కొడుక్కి నోరు చచ్చిందనుకుని ఈశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఆదివారం కౌముదే తడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఇంటిదాకా వచ్చిందంటే ఇంకేముంది? ఈశ్వరి గోడకు చేరగిలబడింది.

"ఉన్నదున్నట్టు సెప్పీ అమ్మా. ఎంతవరకు పాకింది?"

"ఏది?"

"నాకు మళ్లీ వొచ్చినాది కదా?"

"అయ్యో, లేదండీ! మొన్న స్కాన్ చూసి డాక్టరుగారు బాగుందన్నారు కదా. నేను చూసింది పాత ముక్కనే."

"మరి మీరిద్దరూ దాస్తన్నదేటి?"

కౌముది దేవేంద్రను చూసింది. దేవేంద్ర చూరు నీళ్లను చూశాడు.

"అమ్మా, నాకు కౌముదంటే ఇష్టం. పెళ్లి సేసుకుంటాను. ఆళ్లింట్లో సేపలు తినరు."

ఈశ్వరి వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. ఏడ్చింది. మధ్యలో నవ్వొచ్చింది.

"ఒరే ఎదవా, ఇదేటిరా నాను తట్టుకోలేనిది! నా పేణం తీసీసినావు కదరా!"

కౌముది తేరుకుని, మైక్రోస్కోపు కింద ఆ ముక్కను తీసిన ఫొటో ఫోనులో చూపించింది. నీలిరంగు మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు.

"ఇవేనండీ రక్షక కణాలు. మీ కణితి లోపలిదాకా వచ్చేశాయి."

"నాకోసం కొట్లాడినాయా?"

"వచ్చాయి. ఏం చేశాయో ఇంకా తెలీదు. కొన్ని పోరాడతాయి, కొన్ని వచ్చి ఊరికే కూర్చుంటాయి."

"మావోడి లాగ," అంది ఈశ్వరి. కౌముది పకపకా నవ్వింది.

"మీ నాన్నగారేటంటారో?"

"విజయనగరంలో వీణ పాఠాలు చెబుతారు. మెత్తని మనిషే. మీరు సరేనంటే ధైర్యంగా అడుగుతాను."

ఈశ్వరికి కొత్త బెంగ పట్టుకుంది. ఆయన కాదంటే? ఔననేసి భోజనానికొస్తే, ఏం వండాలి? అయినా కౌముది తడి తలను తన కొంగుతో తుడుస్తూ, "అడుగమ్మా," అంది.

వాన తెరిపిచ్చాక గొడుగు చేతికిచ్చి, గుమ్మం దాకా వచ్చింది.

"ఆ మైనం ముక్క పారెయ్యకు. నీకాడే ఉండనీ. ఇంటిమడిసి కాడుంటే నాకు బయం నేదు."

"అలాగే అత్తయ్యా."

"సేరగానే ఫోను సెయ్యి," అని, కొడుకు వైపు ఓరగా చూసింది. "ఆడికి కాదు. నాకు."