కురిడీ గదిలో ఊపిరి

"మా అత్తని నానే సంపీసినానేటో... నాకు తెల్డం నేదు బాబూ."

టెక్కలిలో ప్రైవేటు డిటెక్టివ్ త్రినాథరావు గుమ్మంలో సుభద్ర నిలబడింది. 1926 వేసవి. భర్త రంగూన్‌లో ఉన్నాడు. నిన్న మిట్టమధ్యాహ్నం, ఉద్దానంలో, కొబ్బరికాయలు ఎండబెట్టి కురిడీలు చేసే వాళ్ల గదిలో అత్త రత్నాలమ్మ తల పగిలి చనిపోయింది. సుభద్రే కొట్టిందనీ, కళ్లారా చూశాననీ మరిది పోలారావు అంటున్నాడు. సాయంత్రానికి పోలీసులొస్తారు.

"పెరట్లోంచి లోనికెల్లినాను. ఏటీ కనబళ్లేదు. కాలికి మెత్తగా తగిలింది. వంగి ముట్టుకుంటే తడి. పక్కనెవులో ఊపిరి తీసినారు. అంతలో ఎనకాల మరిది అరుపు. నువ్వే సేసి మర్సిపోనావంటన్నారు అందరూ. ఆ ఊపిరి కూడా నాదేనేటో!"

మనిషి తన ఊపిరినే అనుమానించే భయాన్ని సహాయకుడు పైడిరాజు ఎప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఉద్దానం చేరారు.

"నిన్న మీరు గదిలోకి ఎక్కడ నుంచి వచ్చారు?" త్రినాథరావు పోలారావును అడిగాడు.

"తోట నుంచి. ఇసక నిప్పులు సెరుగుతాంది. గోనెతెర తీసి అడుగెట్టీసరికి ఎదర వదిన! సేతిలో కొబ్బరి ఒలిసే గునపం, దాని మొనకి నెత్తురు."

"దీపం ఉందా?"

"కురిడీ గదిలో దీపవా! పీచంటుకుంటే కొంప కాలిపోదా? ఈ ఊళ్లో ఎవులూ ఎట్టరు. పొద్దున్నించీ రాత్రిదాకా అందులోనే పన్జేత్తాం, అలవాటే."

త్రినాథరావు పైడిరాజును ఆ గదిలోకి పంపి, ఇంటివాళ్లందరినీ అరగంట ఎండలో నిలబెట్టాడు. తర్వాత పోలారావును లోపలికి నడిపించాడు.

"ఎదురుగా ఏముంది?"

"...సీకటి."

"పైడిరాజూ, నీకు?"

"ఈయన చెంప మీది పుట్టుమచ్చ కూడా కనిపిస్తోందండీ. ఆయన తలకు జానెడు దూరంలో గునపం ఎత్తి పట్టుకున్నాను."

పోలారావు కెవ్వుమంటూ వెనక్కి పడ్డాడు.

అందరి ముందూ త్రినాథరావు నెమ్మదిగా చెప్పాడు. "కంటి వెనక రెటీనా అనే పలుచని పొర ఉంటుంది. అందులో ఎండకు పనిచేసే కణాలు వేరు, చీకటికి పనిచేసేవి వేరు. ఎండ తగిలాక ఆ రెండో రకం మేలుకోవడానికి చాలా నిమిషాలు పడుతుంది. తోట నుంచి నేరుగా వచ్చినవాడు గునపం మొన చూడలేడు. చూశాడంటే అప్పటికే లోపలున్నాడు. సుభద్ర వంగినప్పుడు విన్న ఊపిరి ఇతడిదే; ఆమె వెనక్కి జరిగి అరిచాడు. ఈ గదిలోనే బతికేవాడికి ఇది చీకటిలా తోచదు. అందుకే అబద్ధంలో ఎండను చేర్చాడు, చీకటిని మరిచాడు."

"తోటంతా అన్న పేరనే రాసేత్తనన్నాది అమ్మ," పోలారావు నేలను చూస్తూ గొణిగాడు.

పోలీసులు అతడిని తీసుకెళ్లారు. సుభద్ర మాత్రం గోనెతెర వైపే చూస్తూ ఉండిపోయింది.

"బాబూ, నాకేటీ కనబడనప్పుడు... ఆడికి నాను కనబడినానా?"

త్రినాథరావు గోనెతెరను పూర్తిగా పక్కకు లాగి కట్టాడు.