ఫ్రిజ్‌కి ఏ జబ్బూ లేదు

"రసీదు ఇవ్వండి," అంది ఆ అమ్మాయి, చేతిలోని నోటు వదలకుండా.

మెకానిక్ తెల్లబోయాడు. ఎనిమిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. డబ్బు ఎగ్గొట్టినవాళ్లున్నారు, గంటసేపు బేరమాడినవాళ్లున్నారు. ఊరికే వచ్చి చూసినందుకు రసీదు అడిగినవాళ్లు మాత్రం లేరు.

"పుస్తకం షాపులో ఉందండీ."

"అయితే డబ్బు కూడా రేపు షాపులోనే ఇస్తాను. ఇంతకీ ఏం బాగుచేశారని రాస్తారు?"

"ఏమీ చెయ్యలేదండీ. ఫ్రిజ్ బాగానే ఉంది."

"బాగుంటే పాలెందుకు విరిగాయి?"

"అది పాలనే అడగాలండీ."

ఆమె నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి తప్పుకుంది.

మర్నాడు సాయంత్రం అన్నట్టుగానే షాపుకొచ్చి, డబ్బిచ్చి, రసీదు రెండు మడతలు పెట్టి పర్సులో దాచుకుని వెళ్లింది. షాపు అతని మేనమామది. ఆయన కళ్లజోడు పైనుంచి ఆమె వెళ్లినవైపే చూసి, "ఈ రసీదు పిల్లతో జాగ్రత్తరా అల్లుడూ. నిన్ను కూడా రెండు మడతలు పెట్టి పర్సులో వేసుకుంటుంది," అన్నాడు.

మెకానిక్‌కి ఆ ఏర్పాటులో పెద్ద కష్టమేమీ కనిపించలేదు.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. ఈసారి కూర పాడైంది. అతను వెనక మూత విప్పి గ్యాసు చూశాడు, తలుపు రబ్బరు చూశాడు, మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చూడ్డానికింకేమీ లేక గోడ వైపు చూశాడు. అక్కడ నెల ఖర్చుల కాగితం అంటించి ఉంది. కరెంటు, పాలు, సబ్బులు అన్నిటి పక్కనా ఈ నెల ఎంత తగ్గించాలో రాసుంది. 'బస్సు' అన్న మాట కొట్టేసి, పక్కన 'నడక' అని రాసుంది.

"ల్యాబ్‌కి నడిచే వెళ్తారా?" అన్నాడు. ఆమె ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేస్తుందని రసీదు రాసినప్పుడే తెలుసుకున్నాడు.

"మీరు ఫ్రిజ్ చూడండి," అని, మళ్లీ తనే చెప్పింది. "టెక్నీషియన్ కోర్సులో చేరాలి. చేరితే రిపోర్టులు టైపు చెయ్యడం కాదు, పరీక్షలు నేనే చేస్తాను. జీతం రెట్టింపవుతుంది. దానికే ఈ తిప్పలన్నీ."

ఆ మాటంటున్నప్పుడు ఆమె గొంతులో తొలిసారి రసీదు అడిగే కరకుదనం లేదు. అతను పనిముట్ల సంచిలోంచి స్క్రూ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"గ్లాసుతో నీళ్లు పైన ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టనివ్వండి. పొద్దున దాని మీద ఈ స్క్రూ పెట్టి వెళ్లండి. సాయంత్రానికి అది పైనే ఉంటే ఫ్రిజ్ మంచిదే. అడుక్కి దిగిందంటే మధ్యలో మంచు కరిగినట్టు."

మర్నాడు సాయంత్రం ఫోను. "మెకానిక్ గారూ, మీ స్క్రూ అడుగున కూర్చుంది. ఇప్పుడేమంటారు?"

పగటిపూటే ఏదో జరుగుతోందని అతనికి అర్థమైంది. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం వాళ్లింటి తలుపు తట్టాడు. అమ్మగారు తలుపు తీసి, అతన్ని చూసి పాలిపోయింది. ఫ్రిజ్ ప్లగ్గు గోడకి లేదు, ఫ్రిజ్ మీద పడుకుని ఉంది.

"మీరే తీశారా అమ్మగారూ?"

ఆవిడ తల దించుకుంది. "దాని ఒక్క జీతంతో ఇల్లు నడుస్తోంది బాబూ. నేను తినేదాన్నే గానీ తెచ్చేదాన్ని కాను. రెండు నెలల క్రితం కరెంటు బిల్లు కాస్త తగ్గిందని అది ఎగిరి గంతేసింది. ఎన్నాళ్లకో దాని మొహంలో ఆ కళ చూశాను. అప్పట్నుంచి అది పనికెళ్లగానే తీసేస్తున్నాను, వచ్చేలోపు పెట్టేస్తున్నాను."

"దానివల్ల మిగిలేది గోరంత, పోయేది కొండంత. మీరు మిగిల్చిన కరెంటు చాలావరకు సాయంత్రం చల్లబడ్డానికి అదే లాగేస్తుంది. పాలు, కూరలు పోవడం వేరే."

"అయితే రెండు గంటలే తీస్తాలే."

"అసలు తియ్యకండి."

"సరే, తియ్యను. కానీ దానికి చెప్పకు. తెలిస్తే కోప్పడదు బాబూ, ఏడుస్తుంది. అది నేను చూడలేను."

చెప్పనని మాటిచ్చాడు. ఆ రాత్రి ఆ అమ్మాయి ఫోను చేస్తే, వైరు వదులైతే బిగించానన్నాడు. డబ్బక్కర్లేదన్నాడు.

"డబ్బు తీసుకోని మెకానిక్‌ని నేను నమ్మను," అందామె.

మూడు వారాలపాటు ఫ్రిజ్ బుద్ధిగా ఉంది. బుద్ధి లేనిది మెకానిక్‌కే. ఆ దారిన పోతున్నానంటూ నాలుగుసార్లు వెళ్లి, చల్లగా ఉన్న ఫ్రిజ్‌ని చల్లగా ఉందా అని పరామర్శించి వచ్చాడు.

ఒకరోజు సాయంత్రం వాన అందుకుంది. ల్యాబ్ నుంచి ఆమె ఫైలు నెత్తిన పెట్టుకుని గబగబా నడుస్తోంది. అతను స్కూటరు ఆపాడు.

"ఎక్కండి, దింపేస్తాను."

"పెట్రోలు మీది, మొహమాటం నాది. వద్దు."

అతను ఇంజను ఆపేసి, దిగి, తోసుకుంటూ ఆమె పక్కనే నడిచాడు. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"బండి పెట్టుకుని నడిచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అందామె.

"పెట్రోలు పొదుపండీ."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు కోసం స్కూటరు ఇంకో ఊరిదాకా తోసుకెళ్లమన్నా వెళ్లేవాడు.

ఆ నెల కరెంటు బిల్లు కాస్త పెరిగింది. బిల్లు చూసి కూతురి మొహం వాడిపోయింది. కూతురి మొహం చూసి తల్లి మర్నాడే ప్లగ్గు తీసేసింది.

మరో పది రోజులకి, ఒక శనివారం ఆ అమ్మాయి షాపులోకి వచ్చి, కుర్చీలో కూలబడింది.

"కొత్త ఫ్రిజ్ కొంటున్నాను. ఏది మంచిదో మీరే చెప్పండి."

"అంత డబ్బు?"

"కోర్సు ఫీజుకి దాచింది ఉంది. సోమవారం ఆఖరు తేదీ. పోతే పోయింది, వచ్చే ఏడాది చూసుకుంటాను. వాసనొచ్చిన పాలు పారబోయడానికి చేతులు రాక మా అమ్మ తనే తాగేస్తోంది. నిన్నంతా వాంతులు. ఆవిణ్ణి అలా ఉంచి నేను చదువు వెలగబెట్టాలా?"

నోరు విప్పితే ఆవిడకిచ్చిన మాట పోతుంది. విప్పకపోతే ఈమెకి ఏడాది పోతుంది. మామయ్య ఏదో వెతుకుతున్నట్టు లోపలికెళ్లాడు.

"కొనకండి," అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"ఫ్రిజ్‌కి ఏ జబ్బూ లేదు. మీరు పనికెళ్లాక అమ్మగారు ప్లగ్గు తీసేస్తున్నారు. బిల్లు తగ్గితే మీరు సంతోషిస్తారని. మీకు చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నారు."

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"నెల దాటింది."

"వైరు బిగించానన్నారు."

"అబద్ధమండీ."

"మా ఇంట్లో ఉండేది ఇద్దరం. మా ఇద్దరి మధ్య ఉన్న దాపరికం నాకు తెలీదు, మీకు తెలుసు," అని లేచి వెళ్లిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక అతనికి ఆ రోజు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

ఆదివారం ఎలాగో గడిచింది. సోమవారం సాయంత్రం అమ్మగారికి క్షమాపణ చెప్పుకుందామని వెళ్లాడు. తలుపు తీసే ఉంది. తల్లీకూతుళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు. గోడ మీది కాగితం లేదు.

"రా, మాట తప్పినవాడా," అంది అమ్మగారు. గొంతులో కోపం లేదు.

"తప్పానండీ. ఏమన్నా పడతాను," అని, ఉండబట్టలేక కూతురి వైపు తిరిగాడు. "ఫీజు కట్టారా?"

"పొద్దునే కట్టాను."

రెండు రోజులుగా గుండెల మీదున్న బరువు దిగింది. ఇక తిట్టినా ఫరవాలేదనిపించింది. ఆమె తిట్టలేదు.

"నిన్నంతా అమ్మని కూర్చోబెట్టి అడిగాను," అంది. "ఫ్రిజ్ ఒక్కటే కాదు. నేను లేకపోతే ఫ్యాను వెయ్యదట. టీ మానేసింది. మోకాళ్ల నొప్పుల మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటోంది. ఖర్చు తగ్గించానని నేను మురిసిపోయాను. తగ్గిపోయింది మా అమ్మ."

"చాల్లే. నువ్వు నడిచి నడిచి చెప్పులు అరగదియ్యలేదూ? దొందూ దొందే," అంటూ తల్లి ఆమె వీపు నిమిరింది.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది. "నిజం చెప్పినందుకు మీ మీద కోపం లేదు. అబద్ధం చెప్పినందుకు ఉంది."

"అయితే ఇంకోటి కూడా ఒప్పేసుకుంటానండీ. ఆ దారిన పోతూ వచ్చానని నాలుగుసార్లు చెప్పాను. మా షాపు ఊరికి అవతలి చివర. ఈ దారిన నాకే పనీ లేదు."

"మరెందుకొచ్చారు?"

"మీ కోసం."

అమ్మగారు చటుక్కున లేచింది. "నేను టీ పెడతాను," అని వంటగదిలోకి వెళ్లిందే గానీ, గిన్నె చప్పుడు వినిపించలేదు.

"పెళ్లి గురించి నేను ఎప్పుడూ లెక్కే వెయ్యలేదు," అంది ఆమె, నేల వైపు చూస్తూ. "నేను వెళ్లిపోతే అమ్మ ఏమవుతుందోనని."

"నన్ను చేసుకుంటే ఖర్చు పెరుగుతుందో తగ్గుతుందో నేను చెప్పలేనండీ. అమ్మగారు మనతోనే ఉంటారు, మీరు చదువుకుంటారు. ఆ రెండూ మాత్రం తగ్గనివ్వను."

ఆమె ముందున్న తెల్లకాగితం దగ్గరికి లాక్కుని, కలం తీసింది.

"మీరు రోజుకి ఎన్ని టీలు తాగుతారు?"

"ఆరు."

"రెండు చాలు."

"నాలుగు."

"సరే, ఇకనుంచి ఎవరూ చాటుగా ఏదీ తగ్గించుకోకూడదు. అన్నీ ముగ్గురం కూర్చుని తేల్చుకోవాలి."

వంటగదిలోంచి వాళ్లమ్మ గొంతు వచ్చింది. "ఇంట్లో ఉన్నది ఇద్దరమేగా."

ఆమె మొహం ఎర్రబడింది. కలం ఆగింది. మెకానిక్ ఊపిరి కూడా ఆగింది.

"ముగ్గురమే అమ్మా," అంది ఆమె, తలెత్తకుండా.