గార్స్‌బెక్ రెండు నాలుగు ఏడు

పాత ఫోను తీగ తెంపేసిన రోజు మా ఇంట్లో నాకున్నంత చిరాకు ఇంకెవరికీ లేదు. ఇంకెవరికీ అంటే ఉన్నదే ఇద్దరం, నేనూ మా ఆయన క్లిఫ్. అతను గుండెపోటుతో ఆస్పత్రిలో ఉండి, ఇంటికొచ్చి మూడు రోజులైంది. పైగదిలో పడుకున్నాడు. మళ్ళీ నొప్పి వస్తే క్షణం ఆగకుండా అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మా లోయలో సెల్‌ఫోనుకి సిగ్నల్ అందదు. నాకు కారు నడపడం రాదు. పక్కిల్లంటే మైలున్నర.

అందుకని పాత తీగ బదులు కంపెనీవాళ్ళు పంపిన ఇంటర్నెట్ ఫోను ఎలాగైనా పనిచెయ్యాలి. పొద్దుట్నుంచీ దాంతోనే కుస్తీ. దాని రౌటర్ పెట్టె మీద పచ్చ దీపం వెలగాల్సిన చోట ఎర్ర దీపం వెలిగింది. ఇబ్బంది వస్తే ఫలానా నంబరుకి ఫోన్ చెయ్యండి అని కాగితంలో రాశారు. పనిచెయ్యని ఫోనుతో ఎలా చెయ్యాలో మాత్రం ఆ మహానుభావులు రాయలేదు. ప్లగ్గు తీసి, కాసేపాగి, మళ్ళీ పెట్టమన్నారు. పదకొండు సార్లు తీసి పెట్టాను. మూడింటికి దానికే జాలేసినట్టుంది, పచ్చగా వెలిగింది. కరెంటు పోతే ఇదీ పోతుందట. దానికి బ్యాటరీ వచ్చే వారం పంపుతారట.

దాంతో వచ్చిన రెండు ఫోన్లలో ఒకటి కింద నా దగ్గర పెట్టుకుని, రెండోది క్లిఫ్ చేతికిచ్చాను.

"నొప్పనిపిస్తే ఈ బొత్తాం నొక్కు. కింద నాది మోగుతుంది."

"టీ కావాలన్నా నొక్కొచ్చా?"

"నొక్కి చూడు. అప్పుడు నొప్పి ఖాయం."

నవ్వాడు. పెదాలు ఇంకా పాలిపోయే ఉన్నాయి.

డిసెంబరు కదా, మూడున్నరకే చీకటి పడింది. గాలి పొగగొట్టంలో దూరి మూలుగుతోంది. హాలంతా తడి ఉన్ని కోట్ల వాసన. అప్పుడు నా ఫోన్ మోగింది. తెర మీద రెండు అంకె. క్లిఫ్ ఫోను.

"టీయేనా?" అన్నాను.

సన్నటి గరగర. తర్వాత తాపీగా ఒక ఆడగొంతు...

"గార్స్‌బెక్ రెండు నాలుగు ఏడు."

వెనకటి రోజుల్లో ఇక్కడ ఫోనెత్తితే హలో అనేవాళ్ళు కాదు. ఊరి పేరూ, నంబరూ చెప్పేవాళ్ళు. మా అత్తగారు పోయేదాకా అలాగే చెప్పింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు.

"ఎవరది?" అంది గొంతు.

"నేను... థెల్మాని."

"నువ్వా. తీగ తెంపేశారేమే? ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరూ పలకట్లేదు."

అప్పుడే ఫోన్ పెట్టేయాల్సింది. కానీ మర్యాదకి ఒక మాటైనా అనకుండా పెట్టేయడం మావాళ్ళకి చేతకాదు. కబుర్లు ముగించడానికి అందరం ఒకటే మాట అంటాం. అన్నవాళ్ళూ మర్చిపోతారు, విన్నవాళ్ళూ మర్చిపోతారు. భయంలో నా నోటికి అదే వచ్చింది.

"మీరోసారి మా ఇంటికి రావాలి, అత్తయ్యా."

గరగర ఆగింది.

"సరే. వస్తాను."

కరెంటు పోయింది.

రౌటర్ దీపాలు ఆరిపోయాయి. నా ఫోనులో చప్పుడే లేదు. తడుముకుంటూ మెట్లెక్కాను. క్లిఫ్ చెమటతో తడిసిపోయి, ఛాతీ పట్టుకుని ఉన్నాడు.

"అమ్మ... పడుకోమంది," అని గొణిగాడు. "తను చూసుకుంటానంది."

"మాట్లాడకు. నేనెళ్ళి ఎవర్నైనా తీసుకొస్తా."

అతన్ని వదిలి వెళ్ళడం కంటే కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. వానలో దారి మొదట్లోకి వచ్చానో లేదో... ఎదురుగా నీలం దీపాలు. అంబులెన్సు.

ఎవరు పిలిచారని అడగడానికి కూడా భయమేసింది. ఇద్దరు మనుషులు చకచకా క్లిఫ్‌ని కిందికి దించి బండెక్కించారు. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. గండం గడిచినట్టేనంది వాళ్ళలో ఉన్న అమ్మాయి.

"సమయానికి ఫోన్ చేశారు మీ అత్తగారు," అంది. "మూడూ నలభైకి."

అప్పటికి కరెంటు పోయి అయిదు నిమిషాలు.

"మా కొడుక్కి బాగోలేదు అన్నారట, ఊరి పేరూ నంబరూ చెప్పి మరీ. అలా ఎవరు చెబుతున్నారండీ ఈ రోజుల్లో?"

నేను బండెక్కబోయాను. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది.

"మీరూ వస్తున్నారా? కోడలు ఇంట్లోనే తనకి తోడుంటుందని చెప్పారటగా ఆవిడ."

"లేదు. నేనూ వస్తాను."

తోసుకుని ఎక్కి కూర్చున్నాను. తలుపు వేశారు. బండి కదిలింది. క్లిఫ్ చెయ్యి వెచ్చగా ఉంది, గట్టిగా పట్టుకున్నాను. ఇల్లు కనపడకుండా కళ్ళు మూసుకున్నాను.

ఆ అమ్మాయి భుజం మీద రేడియో గరగరమంది. చెవి దగ్గర పెట్టుకుని విని, నా వైపు తిరిగింది.

"మీ అత్తగారు ఇంకా ఫోన్ పెట్టలేదటండీ," అంది మెల్లగా. "థెల్మా ఎక్కడికి పోతోందని అడుగుతున్నారట."