పది గంటలకు వినిపించిన పాట

పదకొండున్నరకు తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి జుట్టు సగం ఆకుపచ్చ, సగం నలుపు. వానలో పరుగెత్తుకొచ్చినట్టుంది, కళ్లకు పెట్టిన రంగు బుగ్గల మీదికి కారుతోంది.

“మా మొదటి రికార్డు పోయింది మేడమ్! పది పాటలూ ఉన్న టేపు!”

షెఫీల్డ్‌లో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్ హెస్టర్ గార్‌సైడ్ అప్పటికే కోటు తొడుక్కుంటోంది. ఆమె సహాయకుడు విల్ఫ్, ఒకప్పటి బస్సు కండక్టరు, నోట్‌బుక్కు అందుకున్నాడు. వచ్చినమ్మాయి లోర్నా, ‘గ్లాస్ ట్రామ్స్’ అనే కొత్త బాండులో గాయని. రెండు గంటలకు రికార్డుల ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది. టేపు అందకపోతే వాళ్ల వంతు మరో బాండుకు పోతుంది. నకలు లేదు.

స్టూడియోకు చేరగానే, రికార్డింగు చూసే రాల్ఫ్ ఖాళీ బీరువా తెరిచి చూపించాడు. “నిన్న సాయంత్రం పాటల ముందున్న దగ్గులు, ఎత్తుకునేముందు అరిచే అంకెలు, కుర్చీల కిరకిరలు అన్నీ బ్లేడుతో కోసేసి, టేపు అతికించి బీరువాలో పెట్టానండీ. తాళంచెవి మేకుకే వేలాడుతుంది.”

“పొద్దున ఎవరు చూశారు?”

“నేను,” అన్నాడు డ్రమ్మర్ క్లైవ్. డ్రమ్ములన్నీ బిగించి ఉన్నాయి. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా అతడు డ్రమ్ముల పెట్టె మీదే కూర్చున్నాడు. “పదింటికి వేసుకుని విన్నా. టేపు మెషీను మీదే వదిలేసి పావుగంటకు బయటికొచ్చా, ఖాళీ చేతుల్తో. కావాలంటే ఐబట్సన్ ఆంటీని అడగండి.”

టీ కాచే ఐబట్సన్ తలూపింది. “అవునమ్మా, నా ముందునుంచే పోయాడు. పాట కూడా విన్నా. ఎవడో ‘వన్, టూ, త్రీ, ఫోర్’ అని అరిచాడు, వెంటనే దడదడా మోత. నా కప్పులన్నీ గజగజలాడాయి!”

క్లైవ్‌ను వదిలేయొచ్చని విల్ఫ్ రాసుకున్నాడు. పదింబావు తరవాత ఆ గదిలోకి వెళ్లింది లోర్నా, రాల్ఫ్ మాత్రమే.

హెస్టర్ మాత్రం రాల్ఫ్ వైపు తిరిగింది. “పది పాటల్లోనూ డ్రమ్ములు క్లైవువేనా?”

రాల్ఫ్ గొంతు తగ్గించాడు. “మూడింట్లో అతని బదులు డ్రమ్ములు వాయించే మెషీను పెట్టమంది కంపెనీ. అతనికి చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.”

లోర్నా నేలచూపులు చూసింది.

ఒంటిగంటన్నరకు హెస్టర్ అందరినీ ఒకచోట నిలబెట్టింది. క్లైవ్ ఒక్కడే లేవలేదు.

“ఐబట్సన్ గారు విన్న పాటకు ముందు అంకెలున్నాయి. రాల్ఫ్ వాటిని నిన్ననే కోసేశాడు. అంటే పదింటికి మోగింది ఈ టేపు కాదు, ఏదో పాత క్యాసెట్టు. అసలు టేపు అప్పటికే మాయమైంది. అది మెషీను మీద ఉందని చెప్పినవాడు ఒక్కడే. ఖాళీ చేతుల్తో నలుగురికీ కనపడ్డవాడూ వాడే. డ్రమ్ములన్నీ బయటుంటే, ఖాళీ పెట్టెకు మేమొచ్చినప్పటినుంచీ కాపలా దేనికి క్లైవ్? లే నాయనా.”

క్లైవ్ లేచాడు. విల్ఫ్ మూత ఎత్తాడు. స్వెట్టరు కింద టేపు! రాల్ఫ్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

“ఎనిమిదింటికే వచ్చి విన్నా,” అన్నాడు క్లైవ్. “మూడు పాటల్లో నేను లేను. రెండేళ్లు మీతో చలికి వ్యాన్‌లో పడుకున్నవాణ్ణి! పాడుచేద్దామని కాదు. ఇవాళ దాటితే మళ్లీ వాయించనిస్తారేమోనని.”

“చెంప పగలగొట్టాలనుందిరా,” అంది లోర్నా. “కానీ ముందు దాచింది మేమే.”

బయట హారన్ మోగింది. లోర్నా టేపు లాక్కుని క్లైవ్ చేతుల్లో పెట్టింది. “నువ్వే తీసుకెళ్లు. ఆ మూడూ మళ్లీ చేద్దామనిపిస్తే సందు చివర వ్యాను ఆపెయ్. కంపెనీతో నేను కొట్లాడతా.”

రాల్ఫ్ కెవ్వుమన్నాడు. క్లైవ్ ఎక్కగానే వ్యాను కదిలింది. సందు చివర ఆగింది.

కిటికీలోంచి క్లైవ్ తల బయటికొచ్చింది. “ఒరే రాల్ఫ్! ఆ డ్రమ్ముల మెషీను పేరేంట్రా? రికార్డు అట్ట మీద నా పేరు కింద దాని పేరూ వేయించాలిగా!”

వ్యాను మలుపు తిరిగిపోయింది. లోర్నా నవ్వుతూ, ఏడుస్తూ, వానలో దాని వెనకే పరుగెత్తింది.