మేతకొండల పిల్లలు

“పిల్లలంతా చదువుతున్నారని రేపు దాతల సభలో ఎలా చెబుతావు, బెక్తుర్?”

తలుపు తీస్తూనే నిలదీసింది సెజిమ్. కొండల ఊరు నరీన్‌లో బెక్తుర్ నడిపే సాయంకాలపు బడి వల్ల నిజంగా మేలుందో లేదో తేల్చడానికి రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన పిల్ల. చలికాలం పోయేసరికి అతని మనసు కాస్తా పట్టుకుపోయింది.

“పరీక్ష రాసినవాళ్ళంతా గడగడా చదివారుగా!”

“రాసినవాళ్ళు చదివారు. గొర్రెలతో కొండలకి పోయినవాళ్ళు?”

“మే నెల వస్తే కాపరుల పిల్లలు మేతకి పోతారు. పరీక్షకి లేనివాళ్ళని ఇక్కడెవరూ లెక్కేయరు.”

“నేను పోయి చూసొచ్చాను. సగం మంది ఒక్క వాక్యం కూడబలుక్కోలేకపోయారు. ఇంతకీ నువ్వు బడి పెట్టింది ఎవరి కోసం?”

బెక్తుర్ కూడా కాపరి కొడుకే. ఏటా కొండ దిగి వచ్చి, క్లాసులో వెనకబడి ఏడ్చినవాడే.

“ఈ మాట చెబితే బడికి దాతల సాయం ఆగిపోతుంది సెజిమ్. నా మీద కాస్తైనా ఇష్టముంటే...”

“ఇష్టముంది కాబట్టే ముందు నీకు చెప్పాను.” ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సభలో ఆమె లేవకముందే అతను లేచాడు. తన లెక్క తప్పని నలుగురిలో ఒప్పుకున్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్ళో బడికి తాళం పడింది. ఒక్క వేసవి మాత్రం కొండల మీద నేర్పి చూడమన్నారు దాతలు.

ఎవరికి ముందు నేర్పాలో తేల్చడానికి సెజిమ్ చీట్లు వేయించింది. కొన్ని మేత బీళ్ళకి ఈ ఏడు చదువు, మిగిలినవాటికి, సాయం సాగితే, పై ఏడు. వేసవి చివర రెండు వైపులా పిల్లలకి పరీక్ష పెట్టింది బెక్తుర్ కాదు, వేరే ఊరి టీచరు. చదువు అందిన పిల్లలు కొంచెమే ముందున్నారు. కానీ ఒక్కరినీ వదలకుండా చూసిన లెక్క అది. బెక్తుర్ సంతోషం పట్టలేక గుడారం వెనక్కి పోయి ఏడ్చాడు.

లోపల అతని తల్లి సెజిమ్‌కి పులిసిన గుర్రం పాల కుమిస్ గిన్నె అందించి, తన వెండి దుద్దులు తీసింది. కోడలిగా కోరుకున్న పిల్లకే అక్కడ దుద్దులు పెడతారు.

“మావాడు తప్పు ఒప్పుకోవడం పుట్టాక ఇదే చూడ్డం. అదంతా నీ వల్లేనమ్మా.”

“ఒక్కసారి చూసి అలా తేల్చేస్తే ఎలా, పెద్దమ్మా?” అంది సెజిమ్.

“అయితే జీవితాంతం చూస్తూ ఉండు.”

సెజిమ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ బెక్తుర్ వైపు చూసింది. జుట్టు పక్కకి తప్పించి చెవి అందించింది.

“అలాగే, అత్తయ్యా.”